ఇనుమునకు రక్షాలేపము



గ్రామమునందు ఇనుము లేని ఇల్లు లేదు. నాగటికఱ్ఱు, గడ్డపాఱ, పలుగు, కొడవలి, బండిచక్రపు పట్టా, బావిగిలక, చేతిపంపు, నీటియింజను, ట్రాక్టరు, దాని వెనుక కట్టెడు గొఱ్ఱు, ఇవి యన్నియు ఇనుమే. వీనిలో ఇంటిలోపల నుండునవి కొన్నియే. తక్కినవి ఎండకు ఎండుచు, వానకు తడియుచు ఆరుబయట పడియుండును. దొంగ యొక్కరాత్రి వచ్చి పోవును గాని, వీనిని దోచు తుప్పు ప్రతిదినమును వచ్చును. తలుపు గొళ్లెముతో దానిని ఆపలేము.

ఈ తుప్పును అడ్డుటకై మనుష్యుడు ఇనుముమీద పూసిన పూతల చరిత్రమును నేడు మీకు విన్నవింపదలచితిని. ఏయే పదార్థములు పూసిరి, వానిని ఎట్లు పలుచన చేసిరి, ఎట్లు పట్టించిరి, ఏది నిలిచెను, ఏది ఊడిపోయెను అనునది ఇందలి విషయము. ఈ చరిత్రమున రాజుల దండయాత్రలు లేవు. అయినను ఇందలి పాఠములను ఉపేక్షించినచోట వంతెనలు మూతపడినవి, పసిబిడ్డలు విషముపాలైరి. కావున పెద్దలు వినదగిన కథయే యని నా తలంపు.

ముందుగా తుప్పన నేమియో తెలిసికొందము. ఇనుము భూమిలో ఇనుముగా దొఱకుట మిక్కిలి అరుదు. అది ప్రాణవాయువుతో కూడి ఎఱ్ఱని రాయిగా నుండును. ఆ రాతిని బొగ్గుతో కొలిమిలో కాల్చి ప్రాణవాయువును విడదీసినచో ఇనుము మిగులును. తుప్పుపట్టుట యనగా, ఆ ఇనుము నీటిని, గాలిలోని ప్రాణవాయువును చేరదీసికొని తన పుట్టింటికి మరలిపోవుట. రాగిమీది చిలుము రాగిని గట్టిగా అంటుకొని కొంతవఱకు దానికి కవచమగును. తుప్పునకు ఆ గుణము లేదు. అది ఇనుముకంటె హెచ్చు చోటు నాక్రమించి, ఉబ్బి, పొరలు పొరలుగా రాలి, క్రిందనున్న క్రొత్త యినుమును మరల గాలికిని నీటికిని అప్పగించును. ఉప్పు తగిలినచో ఈ నాశనము ఇంకను వేగముగా జరుగును.

ఇంగ్లాండున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో యూలిక్ ఇవాన్సు అను శాస్త్రజ్ఞుడు 1920 తరువాతి సంవత్సరములలో ఒక చిన్న పరీక్ష చేసెను. ఇనుపరేకుమీద ఉప్పునీటి బొట్టు నొకదానిని ఉంచి, ఏ భాగము చెడునో చూచెను. బొట్టు అంచున గాలి బాగుగా నందును. నడుమ అంతగా నందదు. గాలి తగిలిన అంచు మిగిలి, గాలి తగులని నడిమి భాగమే తినబడెను. ఈ చిన్న బొట్టులో రైతునకు పెద్ద యుపదేశము కలదు. నాగటికి అంటిన బురదముద్ద క్రింద, బోల్టు సందున, ఉబ్బిన రంగు చాటున, తేమ నిలిచి గాలి తక్కువగా నుండు తావులందే తుప్పు లోతుగా తొలుచును. కంటికి కనబడు ఎఱ్ఱదనముకంటె, పూత చాటున దాగిన తుప్పే ప్రమాదకరమైనది.

ఇక పూతల కథకు వత్తము. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమునగరమున ప్లినీ అను పండితు డుండెను. ఆతడు 79 వ సంవత్సరమున వెసూవియసు అగ్నిపర్వతము ప్రేలినపుడు మరణించెను. ఆతడు రచించిన ప్రకృతిచరిత్రమునందు, సీసపు తెల్లపొడి, గచ్చుసుద్ద, చెట్లనుండి తీసిన పలుచని కీలు కలిపి పూసినచో ఇనుము తుప్పుపట్టక నిలుచునని వ్రాసియున్నాడు. గమనింపుడు: ఇందు పొడి యున్నది, దానిని పట్టియుంచు జిగురున్నది. నేటి రంగుడబ్బాలోను ఈ రెండే ముఖ్యములు. వానికి తోడు పలుచన చేయు ద్రవ మొకటి చేరినది. రెండువేల సంవత్సరములలో పదార్థములు మారినవి గాని ఏర్పాటు మారలేదు.

మన దేశపు సంగతి యేమని మీరడుగవచ్చును. ఢిల్లీయొద్ద మెహరౌలీలో కుతుబుమీనారు చెంత నున్న ఉక్కుకంబమును మీలో కొందఱు చూచియే యుందురు. చంద్రుడను రాజు పేర శాసనము చెక్కబడిన ఈ స్తంభము గుప్తులనాటిది. ఆ రాజు రెండవ చంద్రగుప్తుడని చరిత్రకారులలో పెక్కుమంది యభిప్రాయము. మొత్తము పొడవు సుమారు 24 అడుగులు, బరువు 6 టన్నులకు మించియుండును. పదునాఱువందల యేండ్లుగా ఆరుబయట నిలిచినను ఇది చెడలేదు. ఇందేదో మంత్రశక్తి కలదని పలువురు చెప్పుకొనిరి. కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యుడు ఆర్. బాలసుబ్రహ్మణ్యము దీనిని పరిశోధించి, అందలి రహస్యము భాస్వరమని తేల్చెను. ఆనాటి కమ్మరులు కఱ్ఱబొగ్గుతో ఇనుము తీయుచు సున్నపురాయి వేయరైరి. అందువలన రాతిలోని భాస్వరము ఇనుములోనే నిలిచిపోయెను. కాలక్రమమున అది తడి యెండల మార్పులతో ఇనుముమీద ఒక పలుచని గట్టిపొర నేర్పరచెను. ఢిల్లీ గాలిలో సంవత్సరమున పెక్కునెలలు తేమ తక్కువగా నుండుటయు దీనికి తోడ్పడెను. అనగా ఈ స్తంభము తన పూతను తానే పూసికొన్నది. అయినను నేలలో పాతిన భాగమునకు తుప్పు తప్పలేదు. 1961 లో త్రవ్వి తీసి, ఆ భాగమునకు సీసపురేకు చుట్టి మరల నిలిపిరి. తేమ విడువక అంటియుండుచోట ఎంతటి యినుమునకైనను పరరక్షణ కావలెనని దీనివలన తెలియుచున్నది.

మన ఇండ్లలోని ఇనుమునకు అట్టి భాస్వరపు కవచము లేదు. కావున మనము పూయవలసినదే. పని ముగిసిన పిమ్మట కొడవండ్లకు ఆముదము రాచి అటకమీద పెట్టుట మన పల్లెలలో వాడుక. ఇంటిలోపల కొన్ని నెలలకు అది చాలును. ఆరుబయట నుండు వస్తువునకు చాలదు. ఎందుచేతననగా ఆముదము, వేరుసెనగనూనె, కొబ్బరినూనె ఎన్నాళ్లున్నను గట్టిపడవు. దుమ్ము పట్టుకొనును, వానకు కొట్టుకొనిపోవును. అవిసెనూనె అట్టిది కాదు. అది గాలిలోని ప్రాణవాయువును పుచ్చుకొని గట్టి పొరగా మారును. ఈ గుణమువలననే ఐరోపాలో వందల సంవత్సరములు రంగులకెల్ల అవిసెనూనెయే ఆధారమయ్యెను. అందు సిందూరము, అనగా ఎఱ్ఱసీసపు పొడి, కలిపినచో ఇనుమునకు మిక్కిలి మేలైన తొలిపూత యగునని పంతొమ్మిదవ శతాబ్దపు పనివారు అనుభవముచే కనుగొనిరి. సీసము నూనెతో కలిసి సబ్బువంటి పదార్థముగా మారి ఇనుముయొక్క చెడుటను అణచునని పిదప శాస్త్రజ్ఞులు వివరించిరి.

ఇచ్చట పలుచన చేయు విషయము వచ్చుచున్నది. చిక్కని పూత సందులలోనికి పోదు, కుంచెకు సాగదు. మందముగా పులిమినచో పైపొర ముందుగా గట్టిపడి, లోపల పచ్చిగా నిలిచి, ముడుతలు పడి, కడకు ఊడిపోవును. కావున పలుచన చేయక తప్పదు. దీనికి లోకమున రెండు మార్గము లేర్పడినవి. ఒకటి వేడి, రెండవది ఆవిరియై పోవు ద్రవము.

వేడి మార్గమునకు మంచి యుదాహరణము నీటిగొట్టములు. పంతొమ్మిదవ శతాబ్దపు నడుమ ఇంగ్లాండులో పట్టణములకు పోతయినుప గొట్టములద్వారా నీరు తెచ్చుట ప్రబలెను. ఆ గొట్టములు లోపల తుప్పుపట్టి పూడిపోవుచుండగా, రాబర్టు ఆంగస్ స్మిత్ అను రసాయనజ్ఞుడు ఒక యుపాయము చూపెను. రాతిబొగ్గు కీలును కొంత అవిసెనూనెతో కాచి, గొట్టములనుకూడ కాచి, వేడి గొట్టమును వేడి కీలులో ముంచి తీయుటయే ఆ యుపాయము. వేడిచే కీలు నీరువలె పలుచనై సూక్ష్మరంధ్రములలోనికి చొచ్చుకొనిపోయి, చల్లారిన పిమ్మట గట్టిపడును. చల్లని గొట్టముమీద వేడి కీలు పోసినచో అది తగిలినచోటనే గడ్డకట్టి పొలుసుగా ఊడును. మా యూరి కమ్మరి వేడిగానున్న కత్తిని నూనెలో ముంచి తీయగా దానిమీద నల్లని నిగనిగలాడు పొర ఏర్పడుట నేను చిన్ననాట చూచితిని. ఆతడు ఆంగస్ స్మిత్ పేరు వినినవాడు కాడు. సూత్రము మాత్ర మొక్కటియే.

రెండవ మార్గమున టర్పెంటైను మొదలగు ద్రవములు వాడుదురు. ఇవి పూతను సాగునట్లు చేసి, తమ పని ముగియగానే గాలిలో కలిసిపోవును. ఇనుమును కాపాడునది మిగిలిన పదార్థమే గాని, ఎగిరిపోయిన ద్రవము కాదు. చిక్కని పెరుగులో నీరు పోసినకొలది మజ్జిగ పెరుగును గాని వెన్న పెరుగదు కదా! ఒక పూతలో సగము ద్రవము కలిపినచో, తడిగా నున్నప్పుడు ఎంత మందమున్నను ఆరిన పిమ్మట సగమే మిగులును. కావున పలుచన చేసిన పూతను రెండుమూడు సారులు వేయవలెను. ఒక సారి వేసి చాలించినవాడు వెన్న లేని మజ్జిగతో తృప్తిపడినవాడే. అట్లని మితిమీఱి పలుచన చేసినచో నూనె చాలక పొడి వదులుగా నిలిచి, చేతితో రుద్దిన సుద్దవలె రాలును. డబ్బామీద తయారుచేసినవారు వ్రాసిన పాళ్లను మీఱకుండుట ఇందువలననే.

పూత పూయక, మఱియొక లోహమునే కాపలాగా నిలుపు మార్గముకూడ కలదు. 1824 లో సర్ హంఫ్రీ డేవీ ఓడల అడుగున నున్న రాగిరేకులకు తుత్తునాగపు ముక్కలను తగిలించి చూచెను. తుత్తునాగము తాను కరగి రాగిని కాపాడెను. కాని రాగి కరగకపోవుటచే దాని విషము నీటిలో కలియక, నాచును గుల్లలును ఓడ కంటుకొని నడకను మందగింపజేసెను. ఓడలకు పనికిరాని ఆ సూత్రమే ఇనుమునకు వరమయ్యెను. 1837 లో ఫ్రాన్సుదేశమున సోరెల్ అనువాడు ఇనుమును కరగిన తుత్తునాగములో ముంచి తీయు పద్ధతికి పేటెంటు పొందెను. మన పాకలమీదను పశువులశాలలమీదను ఉన్న జింకురేకులు, నీటిబకెట్లు, ముండ్లతీగ, ఇవి యన్నియు ఆ పద్ధతి సంతానమే. చిన్న గీత పడినను చుట్టునున్న తుత్తునాగము ముందు తాను చెడి ఇనుమును కాపాడును. రంగుపూతకు ఈ త్యాగబుద్ధి లేదు. గీత పడినచోటనే తుప్పు ప్రవేశించును.

పంతొమ్మిదవ శతాబ్దము ముగియునప్పటికి ఇనుము, ఉక్కు కట్టడములు పర్వతములవలె పెరిగినవి. పారిసులో ఐఫిల్ గోపురము 1889 లో నిలిచెను. దానికి సుమారు ఏడేండ్ల కొకసారి రంగు వేయుచు వచ్చిరి. ఒక్కసారికి 60 టన్నుల రంగు పట్టును. లోహపు కట్టడము నిలుచుటకు రంగే ప్రాణమని దాని నిర్మాతయైన గుస్తావ్ ఐఫిల్ అభిప్రాయపడెను. స్కాట్లండులో ఫోర్తు నదీముఖముమీది రైలువంతెన 1890 లో తెరవబడెను. అందు 50 వేల టన్నులకు పైగా ఉక్కు కలదు. ఒక కొసనుండి రంగు వేయుచు రెండవ కొసకు చేరునప్పటికి మొదటి కొస చెడుచుండునని ప్రజలు చెప్పుకొనిరి. అంతులేని పనికి ఆ వంతెన రంగే ఇంగ్లీషువారికి సామెతయైపోయెను. మన గోదావరిమీద రాజమహేంద్రవరమున 1900 లో తెరవబడిన హావలాకు వంతెన 1997 వఱకు రైళ్లను మోసెను. ఇట్టి కట్టడముల ఆయువు ఇంజనీరు గీసిన పటమునందు సగమును, గోకుడు చిప్పయు కుంచెయు పట్టిన కూలివాని చేతియందు సగమును ఉన్నది.

ఆ చేతిపని విలువ యెంతయో లెక్కకట్టి చూపినవారు ఇంగ్లాండులోని ఇనుము ఉక్కు పరిశోధకులు. జె. సి. హడ్సన్ అనునాతడు షెఫీల్డు పట్టణపు పొగగాలిలో ఉక్కుపలకలకు ఒకే రంగును, ఒకే విధముగా నాలుగు పూతలు వేయించి ఆరుబయట నుంచెను. భేద మొక్కటియే: పూతకు ముందు పలకను శుభ్రపఱచిన తీరు. తుప్పుపట్టనిచ్చి తీగకుంచెతో గోకి రంగు వేసిన పలకమీద పూత రెండేండ్లకు కొంచెము మించి నిలిచెను. ఇసుకను వేగముగా చిమ్మించి తెల్లని లోహము కనబడునట్లు చేసి రంగు వేసిన పలకమీద అదే పూత పదియేండ్లకు మించి నిలిచెను. రంగు ఒక్కటియే, ఖర్చు ఒక్కటియే. ఆయువు మాత్రము నాలుగింతలు. రంగు కొనుటకు ధనము వెచ్చించి, గోకుటకు బద్ధకించువాడు ఎంత నష్టపడుచున్నాడో దీనినిబట్టి మీరే ఊహింపవచ్చును.

ఇక ఇరువదవ శతాబ్దపు యుద్ధములు మఱియొక విధమగు పూతను వ్యాప్తికి తెచ్చినవి. రెండవ ప్రపంచయుద్ధమున తుపాకులు, యంత్రభాగములు ఓడలలో నెలల తరబడి ఉప్పుగాలిలో ప్రయాణింపవలసివచ్చెను. రంగు వేసినచో అవి పనిచేయవు. కావలసినపుడు తుడిచివేయదగిన పూత కావలెను. అందుకు మట్టినూనె గనులనుండి వచ్చు మైనపు జిడ్డును వాడిరి. కాస్మొలిన్ అను పేర నది ప్రసిద్ధి చెందెను. గొఱ్ఱెల ఉన్నినుండి తీసిన జిడ్డునుకూడ ఇట్లే వాడుదురు. ఈ జిడ్డులు గట్టివి గనుక వేడిచేతనో, ఆవిరియగు ద్రవముచేతనో పలుచన చేసి పూయుదురు. ద్రవము పోగా పలుచని మైనపుపొర మిగులును. 1953 లో అమెరికాలోని సాన్ డియాగోలో ఒక చిన్న సంస్థ, ఇనుముమీది నీటిని తొలగించి తాను ఆ చోట నిలుచు ద్రవమును నలువదియవ ప్రయత్నమున సాధించెను. డబ్ల్యు.డి.-40 అను దాని పేరులోని నలువది ఆ ప్రయత్నసంఖ్యయే. తడిసిన యంత్రమునకు అది మేలు చేయును గాని, వానలో విడిచిన నాగటికి ఏడాది పొడవున కాపలా కాయజాలదు. ఏ పూత ఎంతకాలమునకు ఉద్దేశింపబడినదో తెలిసి వాడవలెను.

ఇంతవఱకు మేలు చెప్పితిని, కీడునుకూడ చెప్పవలెను. ఇనుమును కాపాడిన సీసము మనుష్యుని కాపాడలేదు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేనులో 1904 లో లాక్‌హార్టు గిబ్సన్ అను వైద్యుడు, పిల్లలకు వచ్చుచున్న సీసవిషరోగమునకు ఇండ్ల వసారా కటకటాలమీది రంగే కారణమని తెలిపెను. సుద్దవలె రాలిన రంగు పిల్లల చేతుల కంటి నోటికి పోవుచుండెను. 1921 లో జెనీవాలో అంతర్జాతీయ కార్మికసభ, ఇండ్లలోపల తెల్లసీసపు రంగు వాడుకను నిషేధించు ఒడంబడిక చేసెను. మన దేశమున 2016 లో నియమములు చేయబడి, 2017 నవంబరు 1 నుండి గృహములకును అలంకారమునకును వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని శాసింపబడెను. నూఱేండ్లకు పైబడిన ఆలస్యమునకు మూల్యము చెల్లించినవారు పసివారు. కావున పాత కటకటాలను, పాత పంపులను గోకునపుడు పిల్లలను దూరముగా నుంచుడు. తడిపి గోకుడు, రాలిన పెచ్చులను ఏరి, పశువుల మేతలోను బావిలోను పడకుండ చూడుడు.

పూతను నిర్లక్ష్యము చేసినను చేయకున్నను సముద్రము తన పని తాను చేయుచుండునని రామేశ్వరపు త్రోవలోని పాంబను వంతెన చాటుచున్నది. 1914 లో తెరవబడిన ఆ రైలువంతెన ఉప్పుగాలిలో నూఱేండ్లకు పైగా పనిచేసెను. కడకు ఓడలకు దారి యిచ్చుటకై తెఱచుకొను దాని భాగము తుప్పుచే బలహీనమగుటచే 2022 డిసెంబరులో రైళ్లు నిలిపివేయబడెను. 2025 ఏప్రిల్ 6 న దాని ప్రక్కనే క్రొత్త వంతెన ప్రారంభమయ్యెను. దానికి ఉప్పుగాలిని ఓర్చు ప్రత్యేకపు పూతలు వేసిరి. ఫోర్తు వంతెనకును ఇట్లే 2002 మొదలు 2011 వఱకు పాతరంగునంతయు తీసివేసి, గాజుపొరలు కలిసిన క్రొత్తపూత వేసిరి. అది ఇరువదియైదేండ్లు నిలుచునని వారి యంచనా. అంతులేని పని యను సామెతకు అంతటితో కొంత విరామము కలిగినది.

ఈ చరిత్రమంతటినుండి గ్రామపు పెద్దలు గ్రహింపదగిన సారమును చెప్పి ముగించెదను. బురదను, జిడ్డును, వదులు తుప్పును తీసివేయక పూత వేయరాదు. మంచు పడిన వేకువనుగాని, ఇనుము చేతికి కాలు మిట్టమధ్యాహ్నమునగాని పూయరాదు. అంచులమీద పూత పలుచబడును గనుక అంచులకు, బోల్టు తలలకు ముందొకసారి కుంచె త్రిప్పి, పిదప అంతటను వేయవలెను. ఒక మందపు పూతకంటె, ఒకటి ఆరిన పిమ్మట ఒకటిగా వేసిన రెండు పలుచని పూతలు మేలు. పెట్రోలుతో పలుచన చేయుట ప్రాణాపాయము. దాని ఆవిరి దూరపు దీపమునుండికూడ నిప్పందుకొనును. జిడ్డును కరిగింపవలసినచో మంటమీద తిన్నగా పెట్టక, వేడినీటి గిన్నెలో నుంచి కరిగింపవలెను. ఇంజనునుండి తీసిన పాతనూనె పూయుట చౌకయని కొందఱు తలంతురు. అందు ఇంజనులో పుట్టిన ఆమ్లములును విషపదార్థములును ఉండును. అది ఇనుమునకును నేలకును చేతిచర్మమునకును మంచిది కాదు.

ఊరుమ్మడి చేతిపంపు, పంచాయతీ నీటితొట్టి నిచ్చెన, కాలువ తలుపు, ఇట్టివి ఏ యొక్కరివియు కావు గనుక ఎవ్వరును తుడువరు. తుప్పుతిన్న నిచ్చెనమెట్టు విఱిగిన దినమున కూలిపోవునది ఇనుము మాత్రమే కాదు, దానినెక్కిన మనుష్యుడుకూడ. వానకాలమునకు ముందు ఒక దినము నిర్ణయించి, ఊరి యినుము నంతటిని చూచి, గోకించి, పూత వేయించు బాధ్యతను పెద్దలు వహించినచో, ఒక డబ్బా రంగుతో పోవు ఖర్చు ప్రాణములతో తీర్పవలసిన యప్పు కాకుండును.